రాని మనిషికి ఖర్చుపెట్టిన గచ్చకాయ

అరకులోయ,
ఆసుపత్రి క్వార్టర్లు,
కార్తీక సోమవారం.

మా అప్ప సింహాచలానికి, చెల్లెలు పైడమ్మ కాళ్లకు దణ్ణం పెట్టి రాయిస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, అమ్మాయి సత్యవతీ, అల్లుడూ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, బావా ఎలా ఉన్నారు? బావ ఆయాసం తగ్గిందా? నీ మోకాలికి ఆముదం రాస్తున్నావా, లేకపోతే సీసా గూట్లో పెట్టి చూస్తున్నావా? చలికాలం వచ్చేసింది, రాసుకో.

ఈ ఉత్తరం చదివి వినిపించే పోస్టు మేష్టారికి కూడా నమస్కారం. బాబూ, పొడుగ్గా ఉందని మధ్యలో కాగితాలు దాటెయ్యకు. మా అప్పకి మోకాళ్లే పాడయ్యాయి, చెవులు కాదు.

నేను వచ్చాక ఇది మూడో ఉత్తరం. మొదటి రెండిటికీ జవాబు రాలేదు. రాసిపెట్టే మనిషి దొరికి ఉండదు అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

రాస్తున్నది సత్యవతి. నేను చెప్పింది చెప్పినట్టు రాయవే అంటే పుస్తకం మాటల్లోకి మార్చి రాస్తోంది. నర్సు కదా, కనబడిన ప్రతిదానికీ కట్టు కడుతుంది. మాట దానిదైనా గొంతు నాదే అనుకుని విను.

ఇక్కడ నాకు ఏ లోటూ లేదు. ముందు ఆ మాట చెప్తున్నాను. తిండికి లోటు లేదు. చోడి అంబలి తాగుతున్నాను, రాజ్మా చిక్కుళ్లు అని ఎర్రటివి దొరుకుతాయి, మెత్తగా ఉడికితే బాగానే ఉంటాయి. ఎండుచేపల్లో నెత్తళ్లకి మాత్రం మన సంత రుచి లేదు. చలి ఎక్కువ. అల్లుడి స్వెట్టరు వేసుకుని, దాని మీద దుప్పటి కప్పుకుని కూర్చుంటున్నాను. పొలాల నిండా వలిసె పూలు, పసుపు ఆరబోసినట్టుంది. చూడడానికి టౌను నుంచి రైలెక్కి వస్తారు. నేను రోజూ చూస్తున్నాను, రెండో వారానికే సరదా తీరిపోయింది.

సత్యవతి డ్యూటీకి వెళ్తే మళ్లీ సాయంత్రమే. అల్లుడు రైల్వేలో లైను మీదుంటాడు, వారానికి రెండు రోజులు ఇంట్లో కనబడతాడు. ఇద్దరూ మంచివాళ్లు. కానీ ఇంట్లో మనుషులు మంచివాళ్లు కావడం వేరు, ఇంట్లో మనుషులు ఉండడం వేరు. ఇనప రాయి మోసుకుని గూడ్సు బండి పోతుంది, దాని పెట్టెలు లెక్కపెడతాను. కుక్కర్ కూత వేస్తే "వత్తన్నానే" అంటాను. శుక్రవారం సంతకి పోతే కొండ మీది ఆడవాళ్లు వాళ్ల భాషలో నవ్వుకుంటారు, నన్ను చూసి కాదు, నాకు మాత్రం నన్ను చూసే అనిపిస్తుంది. ఇక్కడ అందరూ నన్ను మామ్మ అంటారు. పైడమ్మా అని పిలిచిన మనిషి లేక రెండేళ్లయింది.

అబద్ధం చెప్పకూడదు. ఒక్క చోట పిలిచేవారు. అసలు ఆ సంగతి మీద నీ తీర్పు కావాలనే ఈ ఉత్తరం.

చిన్నప్పుడు గచ్చకాయలాటలో తగువొస్తే ఎవరిది తప్పో నువ్వే చెప్పేదానివి. నువ్వు నా వైపు ఎప్పుడూ చెప్పలేదు, అందుకే నీ తీర్పు అందరూ ఒప్పుకునేవారు. ఇప్పుడు కూడా అలాగే చెప్పు. ముందు ఆట సంగతి విను.

పక్క క్వార్టర్లో ఒక డాక్టరు బాబు ఉన్నాడు, చిన్నవాడు, పెళ్లి కాలేదు. కాలేజీ హాస్టల్లో ఒక ఆట నేర్చుకుని వచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా వరండాలో బల్ల వేస్తారు, దీపాలు పెట్టేవేళకి తీసేస్తారు. డాక్టరు బాబు కథ చెప్తాడు. మిగిలినవాళ్లు ఆ కథలో ఒక్కో మనిషిగా ఉంటారు. "ఇప్పుడేం చేస్తారు" అని అడుగుతాడు, వీళ్లు చెప్తారు, పాచిక వేస్తారు. మన పాచికలు కావు, ఇరవై ముఖాలున్న పాచిక కూడా ఉంది. పాచిక బాగా పడితే చేసింది నెగ్గుతుంది, లేకపోతే లేదు.

ఆడేది ముగ్గురు. బ్యాంకులో పనిచేసే మూర్తి గారు, ఆయన మంత్రగాడు. కాఫీ తోటల ఆఫీసులో జోసెఫ్, అడ్డతీగల నుంచి వచ్చాడు, అతను కత్తి పట్టినవాడు. ఆడపిల్లల హాస్టలు బడిలో చిలకమ్మ టీచరు, ఈ కొండలవాళ్ల పిల్లే, ఆమె దొంగ. వారమంతా పిల్లలకి నీతులు చెప్పి ఆదివారం పూట తాళాలు తీస్తుంది. మొదట్లో నేను ఓ మూల కూర్చుని చిక్కుళ్లు ఒలిచేదాన్ని. నాలుగో మనిషికి బదిలీ అయి వెళ్లిపోతే డాక్టరు బాబు నన్ను కూర్చోమన్నాడు.

"నాను సదువుకోలేదు బాబూ," అన్నాను.

"చదువు అక్కర్లేని మంత్రగత్తె ఒకటుంది మామ్మగారూ. మీకు సరిపోతుంది," అన్నాడు.

ఇది నిజం అప్పా. ఆ ఆటలో మంత్రగాళ్లు రెండు రకాలు. మూర్తి గారిది పుస్తకం రకం. పొద్దున్నే లేచి పుస్తకం చదివి, ఇవాళ ఏ మంత్రం ఎన్నిసార్లు, ఏది ఎలా మార్చి వెయ్యాలో అప్పుడే తేల్చుకోవాలి. పప్పు నానబెట్టుకున్నట్టు. మినప్పప్పు నానబోసి మధ్యాహ్నం పెసరట్టు కావాలంటే రాదు. నాది పుట్టు రకం. పుస్తకం లేదు, వచ్చినవి నాలుగైదు మంత్రాలే. కానీ ఏది ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎలా కావాలంటే అలా, నిలబడినచోటే మార్చి వెయ్యొచ్చు. ఒకటే చిక్కు. అప్పటికప్పుడు మార్చి వేస్తే నా వంతంతా దానికే పోతుంది. అడుగు తీసి అడుగు వెయ్యలేను, ఇంకో పని చెయ్యలేను.

మంత్రాన్ని మార్చడం అంటే ఏమిటి అంటావా? నాకూ నెల పట్టింది. మంత్రం మారదు, అది పోయే తీరు మారుతుంది. ఉత్తరంలో మాట అదే కదా, కార్డు మీద రాసినా, కవర్లో పెట్టినా, రిజిస్టరు చేసినా. బిళ్లలు ఎక్కువ అంటించాలి, అంతే. ఈ ఆటలోనూ అంతే. దూరం పెంచుకోవచ్చు. ఎక్కువసేపు ఉండేలా చేసుకోవచ్చు. దెబ్బ బలం పెంచుకోవచ్చు. నోరు విప్పకుండా వెయ్యొచ్చు, చేతులు కదపకుండా వెయ్యొచ్చు. ఇవన్నీ ఊరికే రావు, ఒక్కో విద్యా విడిగా నేర్చుకోవాలి, నెలల తరబడి ఆడితే ఒకటి ఇస్తారు.

ఖర్చు లెక్క గింజలతో పెట్టాను, నాకు కాగితం మీద గుర్తులు తెలియవు కదా. ఆటలో ఒక రోజుకి నాకు ఆరు చింతపిక్కలు, మూడు కుంకుడు గింజలు, ఒక్క గచ్చకాయ. చిన్న మంత్రానికి చింతపిక్క ఇవ్వాలి, నడిమి మంత్రానికి కుంకుడు గింజ, పెద్దదానికి గచ్చకాయ. చిన్న మంత్రాన్నే దూరం పంపాలంటే ఒక మెట్టు ఎక్కాలి, చింతపిక్కకి బదులు కుంకుడు గింజ. నోరు విప్పకుండా కూడా పంపాలంటే ఇంకో మెట్టు, గచ్చకాయ. అంత ఇచ్చినా అది చిన్న మంత్రమే. పెద్దది అయిపోదు. ఆ రోజుకి ఖర్చయింది మళ్లీ తెల్లారితేగానీ చేతికి రాదు.

నువ్వు అడగకముందే చెప్తున్నాను, ఆ గచ్చకాయ మనదే. మన చిన్ననాటి డబ్బాలో అయిదు ఉండాలి, నాలుగే కనబడి నువ్వు బూరెల డబ్బా కింద కూడా వెతికి ఉంటావు. వచ్చేముందు ఒకటి కొంగున కట్టుకున్నాను. కోపంలో ఎందుకు తీసుకున్నానో నాకే తెలియదు.

మొదటి విద్య ఏది కావాలి అని అడిగితే అందరూ బలం తీసుకోమన్నారు. నేను నోరు లేకుండా వేసే విద్య తీసుకున్నాను. మూర్తి గారు కళ్లజోడు తీసి నవ్వాడు. "మీరు, నోరు లేకుండానా మామ్మగారూ?"

"నోరున్నోలికే బాబూ, అది మూసుకోడం ఒక ఇద్దె," అన్నాను.

వాళ్లకి చెప్పనిది నీకు చెప్తాను. ఆరు రోజులు నోరు లేకుండానే బతుకుతున్నాను, ఏడో రోజున దానికో ఉపయోగం ఉండనీ అనుకున్నాను. రెండోసారి దూరం తీసుకున్నాను. దానికి కారణం చెప్పను.

నా మంత్రగత్తెకి ఏం పేరు పెడతారు అని డాక్టరు బాబు అడిగాడు. పైడి అన్నాను. అంతే అప్పా. ఆదివారం ఆ మూడు గంటలు, "పైడీ, ఇప్పుడు నీ వంతు", "పైడీ, వెనక చూసుకో", "పైడి ఉంది కాబట్టి బతికాం". అమ్మ పిలిచినట్టు, నువ్వు పిలిచినట్టు. సోమవారం పొద్దున్న మళ్లీ మామ్మని.

ఇప్పుడు తగువు చెప్తాను.

మూడు వారాల కిందట చిలకమ్మ టీచరుకి ఇంటి నుంచి కబురొచ్చింది, తండ్రికి బాగోలేదని. బస్సు ఆగిపోయిన చోటు నుంచి ఇంకా రెండు కొండలు నడవాలి వాళ్ల ఊరికి. ఫోను లేదు. వెళ్లింది, మళ్లీ కబురు లేదు. ఆటలో అప్పటికి మేము ఒక లోయ దాటుతున్నాం. ఆమె దొంగ అవతలి గట్టు మీద పాత బురుజులో ఉంది, మేం ముగ్గురం ఇవతల ఉన్నాం, మధ్యలో తాళ్ల వంతెన తెగిపోయింది. డాక్టరు బాబు నియమం ఏమిటంటే, రాని మనిషి ఎక్కడుంటే అక్కడే ఉండాలి, వాళ్లని ఎవరూ ముట్టకూడదు, చంపకూడదు, ఆట సాగుతుంది. సరే, సాగింది. రెండు ఆదివారాలు ఆమె కుర్చీ ఖాళీ. వాళ్లు దాని మీద గొడుగులు పెట్టారు.

నిన్న మూడో ఆదివారం. మేం గుహలో ఉన్నాం. బయట రాక్షసులు కాపలా. ఉపాయం ఏమిటంటే జోసెఫ్ కత్తివాడు ముందు బయటికి ఉరుకుతాడు, రాక్షసులు వాడి చుట్టూ మూగుతారు, అప్పుడు నేను నా గచ్చకాయ ఇచ్చి నిప్పుల వాన కురిపిస్తాను. వాడి దగ్గర నిప్పు తగలని ఉంగరం ఉంది. నిప్పు మూర్తి గారే వెయ్యాలి అసలు. ఆయన పొద్దున్న పుస్తకం దగ్గర తెలివి చూపించి, నిప్పు మంత్రానికి కాలం పెంచే విద్య కలిపి తయారు చేసుకున్నాడు, ఎక్కువసేపు మండుతుందని. డాక్టరు బాబు చెప్పాడు, "నిప్పు క్షణంలో వచ్చి పోయేదండీ. దానికి కాలం పెంచినా పెరగదు. ఖర్చు మాత్రం పెరుగుతుంది." రెండుసార్లు వెయ్యగలిగింది ఒక్కసారికి సరిపోయింది, ఆ ఒక్కటీ గుహలోకి వచ్చేటప్పుడే అయిపోయింది. ఆయన తప్పు గురించి ఎవరూ ఏమీ అనలేదు, బ్యాంకు మనిషి కదా.

జోసెఫ్ ఉరికాడు. రాక్షసులు మూగారు. అప్పుడు డాక్టరు బాబు నా వైపు తిరిగి అన్నాడు, "పైడీ, గుహ సందులోంచి చూస్తే రాక్షసులు కనబడుతున్నారు. వాళ్ల వెనక లోయ. లోయ అవతల బురుజులో చిన్న దీపం."

"ఆ దీపం ఎవులిది?" అన్నాను.

"చిలకమ్మ గారి దొంగది. మీరు ఈ గుహ దాటితే ఇక ఆ బురుజు కనబడదు. ఎంత దూరం పెంచినా మంత్రం అందదు. ఏం చేస్తున్నావు పైడీ?"

ఇంక నా చెవులకి ఏమీ వినబడలేదు అప్పా. నాకు చెవిమాట అని ఒక మంత్రం ఉంది, చింతపిక్క మంత్రం, అన్నిటికన్నా చిన్నది. దూరంగా ఉన్న మనిషి చెవిలో నాలుగు ముక్కలు చెప్పడం, అంతే. దూరం పెంచాను. గొంతెత్తితే రాక్షసులు నా వైపు తిరుగుతారు, అందుకని నోరు లేకుండా కూడా చేశాను. గచ్చకాయ తీసి బల్ల మీద పెట్టాను.

"ఏటి పంపుతన్నావు మామ్మా, నిప్పేనా?" అన్నాడు జోసెఫ్.

"చెవిమాట. చిలకమ్మకి," అన్నాను. "తిన్నావా గుంటా. కదలకు. వత్తన్నాం. అదీ మాట."

మూర్తి గారు మెల్లిగా, పిల్లలకి చెప్పినట్టు, "మామ్మగారూ, చిలకమ్మ గారు ఇక్కడ లేరు కదా. ఎవరు వింటారు? ఊరికే వృథా," అన్నాడు.

"లేదు కాబట్టే పంపాను. ఉంటే పక్కకి తిరిగి సెప్పనా?" అన్నాను.

నా వంతు దానికే అయిపోయింది. పాచికలు పడ్డాయి. జోసెఫ్ కత్తివాడు చచ్చిపోయాడు. పదకొండు నెలలుగా పెంచుకున్నాడు వాడిని, వాడి లెక్కలు రాసుకున్న కాగితం అంచులు మడతలు పడి పసుపు రంగుకొచ్చాయి. ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. కోప్పడితే బాగుండేది. "పోన్లే మామ్మా," అన్నాడు. అతని మొహం చూడలేక నేను చిక్కుళ్ల పళ్లెం వెతుక్కున్నాను.

వెళ్లేటప్పుడు డాక్టరు బాబు గుమ్మం దగ్గర ఆగి, "వచ్చే వారం మీరు పక్కన కూర్చుని చూస్తూ ఉండండి మామ్మగారూ. ఇందులో ఒకరు చేసింది అందరి మీదా పడుతుంది," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. మామ్మగారూ అన్నాడు.

ఇదీ తగువు. జోసెఫ్ విషయంలో నాది తప్పే, ఒప్పుకుంటున్నాను. అతను నన్ను నమ్మి బయటికి ఉరికాడు. కానీ వృథా అన్నారు చూడు, ఆ మాట ఒప్పుకోను. నాన్న జూటు మిల్లు పనికి పోయి మూడు నెలలు ఇంటికి రానప్పుడు అమ్మ ఏం చేసేది? రోజూ ముందు ఆయన ముద్ద తీసి మూత పెట్టి, ఆ తర్వాతే మనకి పెట్టేది. మనకి చాలకపోయినా తీసేది. తెల్లారి దాన్ని ఆవుకి పెట్టేది. రాని మనిషి వాటా అనేది. ఆ ముద్ద వృథా అని నువ్వెప్పుడైనా అన్నావా? నేను అన్నాను ఒకసారి, ఆకలేసి. నా చెంప మీద కొట్టింది నువ్వే.

సత్యవతి కలం ఆపి, "అమ్మా, ఈ ఆటలూ గింజలూ పెద్దమ్మకేటి అర్దమవుతాయే," అంటోంది. గచ్చకాయలాడిన మనిషికి అర్థం కానిది ఉండదు, రాయి అన్నాను. డ్యూటీ టైమయిందని లేచింది. మిగతాది తర్వాత.

*

పోస్టు మేష్టారూ, ఇక్కడి నుంచి చేతిరాత మారింది, చూసుకోండి. అప్పా, ఇది రాయడం మొదలుపెట్టి పదిహేను రోజులైంది. సత్యవతి దాన్ని మడిచి దేవుడి పటం వెనక పెట్టింది, నేను తియ్యమనలేదు. తీర్పు అడగడానికి కూడా సిగ్గేసింది. నాకు సిగ్గేమిటి అనుకుంటున్నావు కదూ? నాకూ ఆశ్చర్యమే.

నిన్న కాక ముందటి ఆదివారం పక్కన కూర్చున్నాను. వాళ్లు ఆడారు. జోసెఫ్ కొత్త మనిషిని తయారు చేసుకున్నాడు, ఈసారి వైద్యుడట. నా మంత్రగత్తె గుహలో నిద్రపోతోంది అన్నాడు డాక్టరు బాబు. మూడు గంటలు నిద్రపోయింది. ఎవరూ లేపలేదు. నేను అందరికీ టీ ఇచ్చాను, బాగుంది అన్నారు. ఇల్లు ఖాళీగా ఉన్నప్పటికంటే, నలుగురు ఉండి నన్ను పిలవకపోతే ఎక్కువ ఖాళీ అనిపించింది. అల్లుడు స్టేషను నుంచి వచ్చి "ఏటత్తా, ఇవాళ మంత్రాల్లేవా?" అన్నాడు. చలిగా ఉంది అన్నాను.

నిన్న చిలకమ్మ టీచరు వచ్చింది. తండ్రి పోయాడు. దినాలన్నీ అయ్యాక గురువారం దిగింది. ఆటకి రాలేదు, ఊరికే వచ్చానంది. తన కుర్చీ మీది గొడుగులు తీసి కింద పెట్టి కూర్చుంది. చిక్కిపోయింది. మూర్తి గారు పాచికలు సంచిలో వేసి తాడు బిగించాడు.

డాక్టరు బాబు ఏమనుకున్నాడో, తన పుస్తకం తెరిచాడు. "మీరు లేనప్పుడు మీకో కబురొచ్చింది టీచర్ గారూ. ఆటలోకి వచ్చిన మంత్రం ఆటలో ఉంటుంది. చదవమంటారా?"

"నాకా?"

"బురుజులో ఉన్న మీకు. లోయ ఇవతల నుంచి. పైడి పంపింది, ఆ రోజుకి ఆమెకున్న ఒకే ఒక్క గచ్చకాయ ఇచ్చి." పుస్తకంలోకి చూసి చదివాడు. "తిన్నావా గుంటా. కదలకు. వత్తన్నాం."

చిలకమ్మ బల్ల వైపే చూస్తూ కూర్చుంది. వాళ్ల ఊళ్లో అందరూ వచ్చారట, అందరూ ఏడ్చారట, భోజనాలు పెట్టే పనంతా ఈ పిల్ల మీదే పడిందట, ఒక్కతే కూతురు. అది నాకు తర్వాత తెలిసింది.

"ఈ మంత్రానికి విన్నవాళ్లు ఒక్క మాట జవాబు పంపొచ్చు," అన్నాడు డాక్టరు బాబు. "పాచిక అక్కర్లేదు."

చిలకమ్మ తలెత్తి నా వైపు చూసి అంది. "తినలేదు మామ్మా."

"నువ్వా, నీ దొంగా?" అన్నాను.

"ఇద్దరమూ."

సత్యవతి లేచి పొయ్యి వెలిగించింది. ఎవరూ ఆడలేదు నిన్న. అన్నం వండి, రాజ్మా చిక్కుళ్లు వండి, పాచికల బల్ల మీదే కంచాలు పెట్టాం. పెద్ద గిన్నె సత్యవతి చేతిలోంచి తీసుకుంటుంటే డాక్టరు బాబు, "పైడీ, ముందు టీచర్ గారికి వడ్డించు," అన్నాడు. ఆట లేదు, కథ లేదు, పైడీ అన్నాడు. చిలకమ్మ కంచంలో ఒక గరిటె ఎక్కువే వేశాను.

తింటుంటే జోసెఫ్, "నా కత్తోడికి కూడా దినం బోజనం అయిపోయినట్టే," అని, అన్నాక చిలకమ్మ వైపు చూసి నాలుక కరుచుకున్నాడు. ముందు నవ్వింది చిలకమ్మే. అన్నం పొలమారేంత నవ్వింది. జోసెఫ్ నీళ్లు అందిస్తూ నాతో అన్నాడు, "వచ్చే ఆదోరం నువ్వు బల్ల కాడ కూకోకపోతే నేనూ కూకోను మామ్మా. కానీ ఈసారి నేను బయటికి ఉరికేముందు, ఆ గచ్చకాయ ఎవరికో ముందే చెప్పు." చెప్తానని మాటిచ్చాను.

ఇవాళ బడి నుంచి తిన్నగా వచ్చి ఇది రాస్తున్నది ఆ చిలకమ్మే. నా మాటలకి కట్లు కట్టడం లేదు, కానీ అక్షరం బడి పలక మీద రాసినంత పెద్దది, అందుకే కాగితాలు ఎక్కువయ్యాయి.

వాళ్లు ఒప్పుకున్నారు, ఇక నీ తీర్పు ఎందుకు అంటావు. వాళ్లది వేరు అప్పా. నేను అడిగే తీర్పు ఆ గుహ గురించి కాదు.

నేను వచ్చేసిన రోజు నువ్వు వండావు. కూతురింట్లో మూలన పడుంటావు, కొండ జ్వరాలొస్తాయి, పోకు అన్నావు. నేను నోటికొచ్చినవన్నీ అన్నాను. బొబ్బిలి బస్సు దాకా వీధంతా వినబడేలా అన్నాను. నువ్వు నా వాటా తీసి మూత పెట్టి గుమ్మంలో నిలబడ్డావు. నేను మూత కూడా ఎత్తలేదు. అది ఆవుకి పెట్టావో, ఎవరికి పెట్టావో. ఆకలితోనే ఎక్కాను బస్సు. ఘాటు రోడ్డు మీద తల తిరిగి కిటికీ పట్టుకుని, అప్ప వంకాయ కూర వండింది అని అనుకుంటూనే ఉన్నాను, దిగేంతవరకూ.

ఆ ఆటలో ఎంత ఖర్చుపెట్టినా తెల్లారితే గింజలు మళ్లీ చేతికొస్తాయి. ఇక్కడ రావు. నాకు తెలుసు. అందుకే నా తప్పు ఉత్తరంలో పెట్టి పంపుతున్నాను, పోస్టు మేష్టారి నోట, నలుగురూ వినేలా. అన్నది కూడా నలుగురూ వినేలానే కదా.

బావకి నా నమస్కారం. పెద్దొదినకి దణ్ణాలు చెప్పు. ఆవిడ దీవెన, నీ దీవెన నాకు కావాలి, ఈ చలికి దుప్పటి చాలడం లేదు. తాటి తేగలు దొరికితే ఎవరైనా ఈ రైలుకి వచ్చేవాళ్లుంటే పంపు, లేకపోతే వద్దు. నెత్తళ్లు కూడా వద్దు, వాసనకి రైల్లో తిడతారు.

జవాబు రాయించనక్కర్లేదు. నీకు ఒకరిని బతిమాలడం ఇష్టముండదు, నాకు తెలుసు. డబ్బాలో గచ్చకాయలు నాలుగున్నాయి కదా. ఒకటి కవర్లో వేసి పంపు. అది వచ్చిందంటే, నోరు విప్పకుండా ఇంత దూరం నన్ను అడిగావనుకుంటాను, తిన్నావా అని.

తింటున్నాను అప్పా.

నీ చెల్లెలు
పైడమ్మ
(ఎడమ చేతి బొటనవేలి ముద్ర)